బండి చప్పుడు

డ్రమ్ముల మేస్త్రి అంటే ఆ వీధిలో తెలియనివాళ్లు లేరు. పాతికేళ్లు రేకుల షెడ్డులో సుత్తి పట్టుకుని, ఇనపరేకుల్ని సాగగొట్టి నూనె డ్రమ్ములు చేసినవాడు. ఆ సుత్తి దెబ్బలే అతని చెవుల్ని తినేశాయి. మొదట పిట్టల అరుపులు పోయాయి. తర్వాత వంటింట్లోంచి పెళ్లాం పిలుపు పోయింది. ఆ తర్వాత ఎవరేమన్నా నవ్వి తలూపడం అలవాటైపోయింది. ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే ఏదో కాస్త అందేది. మిగతాదంతా ఎదుటివాళ్ల పెదాలు చూసి పోల్చుకోవడమే.

ఒకరోజు షెడ్డులో గొలుసుకి వేలాడుతున్న రేకుల కట్ట కింద తోటి పనివాడు చెయ్యి పెట్టి దుంగ సర్దుతున్నాడు. "ఆగు, ఆగు" అని గొంతు చించుకుని అరిచాడట. అటు తిరిగి ఉన్న మేస్త్రి గొలుసు వదిలేశాడు. ఆ మనిషి కుడిచేతికి బొటనవేలు తప్ప ఏదీ మిగల్లేదు. "నీ తప్పేముందిలే" అని అందరూ అన్నారు గానీ, ఒక్కరూ అతని మొహం చూసి అనలేదు. సాయంత్రానికి షెడ్డు యజమాని ఇంటికి పంపేశాడు.

మేస్త్రి భార్య బేకరీలో బ్రెడ్డు పొట్లాలు కట్టేది. కొన్ని నెలలు భర్త గోడకేసి చూస్తూ కూర్చోవడం చూసి చూసి, ఒకరోజు వార్త మోసుకొచ్చింది. "ఏమయ్యా, కొట్లకి బ్రెడ్డు చేరేయడానికి సొంత బండి ఉన్నవాడు కావాలంట. వెళ్తావా?"

"వెళ్తాను."

"చెవుల సంగతి ముందే చెప్పేద్దాం."

"చెప్తే రమ్మంటారా? బ్రెడ్డు మొయ్యడానికి చెవులెందుకే?"

ఆమె ఇంకేమీ అనలేకపోయింది. ఆ మౌనానికి తర్వాత చాలాకాలం ఏడ్చింది.

బండి ఒక రిటైరైన పోస్ట్‌మాన్ దగ్గర దొరికింది. దాని ట్యాంకు రంగు వెలిసి, సీటుకి నాలుగు చోట్ల కుట్లు పడ్డాయి. తాళం ఇస్తూ పోస్ట్‌మాన్ దాని వీపు తట్టాడు. "ఇది మహా పెంకిది, మేస్త్రీ. కానీ మోసం చెయ్యదు. చప్పుడు వింటూ ఉండు, ఏం కావాలో అదే చెబుతుంది."

మేస్త్రి నవ్వి తలూపాడు. ఆ నవ్వు సంగతి పక్కనున్న భార్యకి తెలుసు.

పోస్ట్‌మాన్ అన్నట్టే దానికి లేని తిక్క లేదు. పొద్దున్నే నేరుగా కిక్కు కొడితే పిక్క మీద తన్నేది. ఎడమపక్కకి ఒకసారి వంచి, లేపి, తాళం తిప్పకుండా రెండుసార్లు తొక్కి, అప్పుడు తాళం తిప్పితే దయతలిచేది. వేడెక్కాక ఆపితే ఇక అలకే, చల్లబడేదాకా ఎవరి మాటా వినేది కాదు. రెండో గేరు ఉన్నట్టుండి జారిపోయేది. న్యూట్రల్ దీపం పచ్చి అబద్ధాలకోరు. ఇక హారన్ సంగతి భార్య కనిపెట్టింది.

"హారన్ కొట్టావా?" అంది అతని చెవిలో.

"కొట్టాగా."

"మోగలేదయ్యా. హ్యాండిల్ ఎడమకి తిప్పినప్పుడే మోగుతోంది. ఇన్నాళ్లూ నొక్కిన ప్రతిసారీ మోగిందనుకున్నావా?"

మేస్త్రి కాసేపు హారన్ బొత్తాం కేసి చూసి పకపకా నవ్వాడు. "పోనీలే, మోగకపోయినా నాకు ఒకటే" అన్నాడు. ఆమెకి మాత్రం నవ్వు రాలేదు.

సెలవురోజుల్లో మధ్యాహ్నం గోడౌన్ల వెనకాల ఖాళీ రోడ్డు మీదకి వెళ్లేవాళ్లు. ఆమె వెనక కూర్చుని తన చెవిన పడిందల్లా అతని ఎడమ చెవిలో అరిచి చెప్పేది. "ఇదిగో, ఇప్పుడు మూకుడు గీకినట్టుంది."

మేస్త్రి బండి ఆపకుండా అరిపాదం ఫుట్‌రెస్టుకి నొక్కేవాడు. చైను వదులైతే అక్కడ చిన్న దెబ్బలు తగులుతున్నాయని తెలిసింది. ఇంజన్ దగ్గితే ఆ దగ్గు మోకాలి లోపలివైపుకి వచ్చేది. రెండో గేరు జారబోయే ముందు మడమ కింద జిలపుట్టేది. అలా ఒక్కో చప్పుడికీ ఒంట్లో ఒక్కో చోటు వెతికి పెట్టుకున్నాడు.

"ఇన్నేళ్ల కాపురంలో నా గురించి ఇంత తెలుసుకున్నావా?" అని ఆమె దెప్పింది.

"నువ్విలా వణికితే తెలుసుకునేవాణ్ణే."

వీపు మీద గుద్దింది. షెడ్డులో పని పోయాక వాళ్లిద్దరూ అంత నవ్వుకోవడం అదే మొదటిసారి.

బ్రెడ్డు ట్రేలు పెట్టడానికి వెనక ఇనప స్టాండు తనే చేసి బిగించాడు. పనిలో చేరాక మళ్లీ మనుషుల్లో పడ్డాడు. కొట్లవాళ్లు చెయ్యి ఊపితే తనూ ఊపేవాడు. ఎవరైనా ఏదైనా అడిగితే "తొందరలో ఉన్నా" అని తప్పించుకునేవాడు. ఒక్క సంగతి మాత్రం అతనికి తట్టలేదు. గోడౌన్ల రోడ్డు మీద అతను నేర్చుకున్నది ఖాళీ బండి వణుకు. ట్రేల బరువు పడ్డాక ఆ వణుకు మొద్దుబారిపోతుంది.

ఒక పొద్దున స్టాండుకి ఒకపక్క బోల్టు ఊడిపోయింది. దాని కాలు కిందికి జారి రోడ్డుని గీరుకుంటూ, నిప్పురవ్వలు రాలుస్తూ వస్తోంది. వీధి వీధంతా అరిచింది. కొట్లవాళ్లు బయటికి పరిగెత్తుకొచ్చి చేతులూపారు. మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది, ఈరోజు అందరూ ఎంత ఆప్యాయంగా పలకరిస్తున్నారో అనుకున్నాడు. తనూ చెయ్యి ఊపాడు.

మలుపు దగ్గర స్టాండు ట్రేలతో సహా ఊడి, వెనక సైకిల్ మీద వస్తున్న ముసలి టైలర్ ముందు పడింది. టైలర్ సైకిల్‌తో దాని మీద పడ్డాడు. మేస్త్రికి అదేమీ తెలియదు. బండి ఒక్కసారిగా తేలికైతే, అబ్బ, ఇవాళ ఇంజన్ బాగా లాగుతోంది అనుకుంటూ వెళ్లిపోయాడు. తర్వాతి కొట్టు దగ్గర ఇంజన్ ఆపకుండానే దిగి, ట్రే అందుకోబోయి వెనక్కి తిరిగితే స్టాండు లేదు.

వెనక్కి వచ్చేసరికి జనం మూగి ఉన్నారు. నలిగిన బ్రెడ్డు మధ్యలో టైలర్ పక్కకి ఒరిగి పడి ఉన్నాడు. ఒక కాలు ఉండాల్సిన తీరులో లేదు. ఎవడో మేస్త్రి కాలర్ పట్టుకున్నాడు. పెదాలు కదులుతున్నాయి. "ఎంత అరిచాం! ఎంత అరిచాం! నవ్వుకుంటూ పోతావా!"

"నాకు వినపడదు" అన్నాడు మేస్త్రి.

పరాయివాళ్ల ముందు ఆ మాట అనడం అదే మొదలు. కాలర్ మీద చెయ్యి వదులైంది. చెంప పగలగొట్టినా అంత బాధ ఉండేది కాదు.

అక్కణ్ణించి నేరుగా బేకరీకి వెళ్లి యజమానికి అంతా చెప్పేశాడు. యజమాని చేతుల పిండి దులుపుకుని అతని ఎదురుగా నిలబడ్డాడు. "ముందే చెప్పి ఉంటే పొయ్యి దగ్గర పెట్టుకునేవాణ్ణి కదయ్యా" అన్నాడు. మర్నాటినుంచి అక్కడే పెట్టుకున్నాడు. బండి పని భార్య మీద పడింది. దాని తిక్కలన్నీ ఆమెకి ముందే తెలుసు, నడపడం ఒక్కటే నేర్చుకోవాల్సి వచ్చింది.

టైలర్‌కి తుంటి ఎముక విరిగింది. మేస్త్రి రోజూ పని దిగగానే వాళ్లింటికి వెళ్లేవాడు. ఒళ్లు తుడిచేవాడు, పక్క మార్చేవాడు, వీపుకి పుండ్లు పడకుండా అటూ ఇటూ దొర్లించేవాడు. టైలర్ కొడుకు అతను వస్తే లేచి బయటికి పోయేవాడు. టైలర్ మాత్రం మొహం ఎదురుగా పెట్టి నిదానంగా మాట్లాడేవాడు.

"నేనూ అరిచాను, మేస్త్రీ. నా గొంతు ఎప్పుడూ చిన్నదే. ఇంట్లో కూడా ఎవరికీ వినపడదు."

మేస్త్రి దుప్పటి సర్దుతూ ఉండిపోయాడు.

టైలర్ మళ్లీ లేవలేదు. పడుకుని పడుకుని ఊపిరితిత్తులకి నెమ్ము చేరింది. వానలు పట్టిన రోజుల్లో పోయాడు. కబురు తెలిసి మొగుడూ పెళ్లాం బండి మీద వెళ్లారు. గుమ్మంలోనే కొడుకు అడ్డం నిలబడ్డాడు. అతను ఏదో అన్నాడు. భార్య మేస్త్రి మోచెయ్యి పట్టుకుని వెనక్కి తిప్పింది.

వీధి చివర ఆమె బండి ఆపి కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఏమన్నాడు?" అన్నాడు మేస్త్రి.

ఆమె అతని ఎడమ చెవికి దగ్గరగా జరిగింది. "ఏమీ అనలేదయ్యా. వచ్చారు, అదే పదివేలు అన్నాడు."

కొడుకు మాట్లాడుతున్నంతసేపూ మేస్త్రి అతని పెదాలే చూశాడు. "చంపింది చాలదా, చూట్టానికి కూడా వచ్చావా?" అన్నాడు కొడుకు. ఒక్క అక్షరం పొల్లుపోలేదు.

"సరేలే, పద" అన్నాడు మేస్త్రి. బేకరీలో సాయంత్రం పిండి కలిపే వేళ అవుతోంది.