ఓదార్చడానికి వచ్చిన హెప్సిబా

హెప్సిబాది బోధన్. తండ్రి ఏసుదానం వ్యవసాయ కూలీ. ఎట్లాగో తంటాలు పడి కూతురిని సోషల్ వర్క్ చదివించాడు. నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఆమెను ఎమర్జెన్సీలో పెట్టుకుంది. లోపల ప్రాణాపాయంలో ఉన్నవాళ్ల మనుషులకు బయట తోడుండడం పని. శిక్షణలో చాలానే నేర్పారు: పక్కన కూర్చోవాలి, తక్కువ మాట్లాడాలి, ఏడవకూడదు. యూనిఫాం మాత్రం ఇంకా కుట్టి రాలేదు.

మొదటి రోజే రుద్రూర్ నుంచి ముత్తన్నను తెచ్చారు. చెరుకు నరికిస్తూ తోటలోనే ఒరిగిపోయాడట. తలలో నరం చిట్లింది. కొడుకు సాయిరాం మందులకు పరుగెత్తాడు. భార్య రాధాబాయి ఒక్కతే బెంచీ మీద మిగిలింది. హెప్సిబా నేర్పినట్టే పోయి పక్కన కూర్చుంది, నేర్పినట్టే మాట్లాడకుండా ఉంది.

రాధాబాయి ఆమెను ఎగాదిగా చూసింది. "లోపల నీవోళ్లెవరున్నరు బిడ్డా?"

"ఎవరూ లేరవ్వా, నేను..."

"అయ్యో!" రాధాబాయి ఆమె చెయ్యి గట్టిగా పట్టేసుకుంది. "గట్ల అనకు. దేవుడున్నడు. ముఖం సూడు, ఎట్ల పీక్కపోయిందో. ఏమన్న తిన్నవా?"

చెప్పబోయిన మాట నోట్లో ఉండగానే జొన్నరొట్టె చేతికొచ్చింది. ఓదార్చడానికి జీతం తీసుకునే మనిషి ఓదార్పు పొందుతూ రొట్టె తింది. పైగా నిజంగానే ఆకలిగా ఉంది.

అప్పుడే నర్సు తలుపు తీసింది. "హెప్సిబా, ముత్తన్న భార్యను డాక్టర్ సారు పిలుస్తున్నరు. తోలుకరా."

రాధాబాయి చెయ్యి వదిలేసింది. "నువ్వు దవాఖాన దానివా? ఇంతసేపు సెప్పకపోతివి!"

"నువ్వు చెప్పనిస్తివా అవ్వా?"

డాక్టరు మర్యాదగా, వివరంగా, సగం ఇంగ్లీషులో చెప్పాడు. రాధాబాయి అన్నిటికీ తల ఊపి, బయటికొచ్చాక అడిగింది. "గా సారు మస్తు సెప్పిండు. బతుకుతడా లేదా, నువ్వు సెప్పు."

బాగైతడు అనడం తేలికే. హెప్సిబా ఉన్నదే చెప్పింది. "కష్టమే అవ్వా. మిషినే ఊపిరి పోస్తున్నది. దగ్గర కూసుంటవా? నేను అడుగుత."

డాక్టరు ఒప్పుకున్నాడు. మంచం పక్కన స్టూలు వేశారు. రాధాబాయి భర్త చెయ్యి పట్టుకుని, మిగిలిన చెరుకు సంగతీ ఈనబోయే బర్రె సంగతీ మామూలుగా చెప్పుకుంటూ కూర్చుంది. ఏడవాల్సిన మనిషి ఏడవలేదు. ఏడవకూడని హెప్సిబా గోడవైపు తిరిగి ఏడ్చింది. సాయంత్రానికి ముత్తన్న పోయాడు.

"మనమే ఏడిస్తే వాళ్లకు ధైర్యం ఎవరు చెప్తరమ్మా?" అని మేనేజరు మందలించాడు. హెప్సిబా సరే సార్ అంది.

దశదిన కర్మకు సాయిరాం ఫోన్ చేసి రమ్మంటే రుద్రూర్ వెళ్లింది. "ఆయన పోయిననాడు నా ఎంబడున్న పిల్ల" అని రాధాబాయి అందరికీ చూపించింది. అంతే, ఆసుపత్రి మనిషి వచ్చిందని వాడంతా కదిలింది. మోకాళ్ల నొప్పులు, షుగరు గోలీలు, పాత ఎక్స్‌రేలు. నేను డాక్టర్ను కాదని ఆమె ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. హన్మవ్వ అనే ముసలామె తన ఎక్స్‌రేను హెప్సిబా ఒళ్లో పెట్టి, నడుము నొప్పి సంగతి మరిచిపోయి, ఎన్నడో పోయిన మొగుడి ముచ్చట మొదలుపెట్టింది. హెప్సిబా కాస్త జరిగి, ఆమెకు పక్కన చోటిచ్చింది.