తంగమ్మ కట్టిన మూల

గుడియాత్తంలో ధనపాల్ మేస్త్రి కట్టిన గోడను చూడాలంటే సిమెంటు పూయకముందే చూడాలి. మూల దగ్గర నిలబడి ఒక కన్ను మూసి చూస్తే, ఇటుకల వరస పట్టి లాగిన దారంలా సాగిపోతుంది. ఇంట్లో తెలుగు, పని దగ్గర అరవం. రెంటిలోనూ అతనిది మాటల పొదుపే.

వేలూరులో ఆసుపత్రి చుట్టూ లాడ్జీలు పోటీలు పడి లేస్తున్న రోజులవి. మేస్త్రీలకు చేతినిండా పని. ఆదివారం వస్తే తక్కినవాళ్ళు ఒళ్ళు వాల్చేవారు. ధనపాల్ మాత్రం తాపీ, దారం, గోడ నిలువు చూసే తూకపు గుండు పసుపు సంచిలో వేసుకుని గుడియాత్తం చివర కాందిశీకుల క్యాంపుకు బయలుదేరేవాడు. లంక నుంచి పడవల్లో వచ్చినవాళ్ళు అక్కడ రేకుల గదుల్లో ఉండేవారు. ఒంటరి ఆడమనిషి గడపకు మగవాడు ఒక్కడే పోతే బాగుండదని భార్య వళ్ళి కూడా వెంట వెళ్ళేది.

ఆ ఒంటరి మనిషి తంగమ్మ. మొగుణ్ణి యుద్ధంలో పోగొట్టుకుని, ఇద్దరు ఆడపిల్లలతో వచ్చింది. వేలూరు పనిలో ధనపాల్ కిందే ఇటుకలు మోసేది. ఒకనాడు మెడ పట్టేసి కుప్పకూలింది. ఇక జన్మలో తల మీద బరువు పెట్టొద్దన్నారు డాక్టర్లు. క్యాంపు మనిషికి కూలి కాక వేరే పని ఎవరిస్తారు? ఆమె అదే అడిగింది. ధనపాల్, “మొయ్యొద్దు. కట్టు” అన్నాడు.

ఆడది తాపీ పట్టడం ఆ చుట్టుపక్కల ఎవరూ ఎరగరు. అయినా కూలగొట్టిన ఇంటి ఇటుకలు అడిగి తెచ్చి ఆమె గది పక్కన పోయించాడు. సిమెంటు లేదు, ఎర్రమట్టి ముద్దే. ఆదివారం గోడ కట్టించేవాడు, చూసి విప్పించేవాడు. ఇటుకలు తుడిచి మళ్ళీ వారానికి పేర్చి పెట్టుకునేది తంగమ్మ. ఎన్నటికీ ఇల్లు కాని గోడ అని క్యాంపులో నవ్వుకున్నారు.

నెలలు గడిచినా ఒక లోపం ధనపాల్ కంటికి ఆనలేదు. తాపీ పనిలో మూల పెద్దమేస్త్రి సొత్తు. రెండు మూలలూ అతను లేపి మధ్య దారం కడతాడు. కిందివాళ్ళు దారం వెంట ఇటుక పేరుస్తారు. అలవాటు కొద్దీ అతను ఇక్కడా మూలలు తానే కడుతూ వచ్చాడు. వళ్ళి చూసి చూసి అనేసింది.

“ఏమయ్యా, మూలలన్నీ నువ్వే కడతా ఉంటే ఆమెకు నేర్పించింది ఏముండాది? నువ్వు లేనినాడు ఆమె దారం యాడ కడతాది?”

ధనపాల్‌కు మాట తగిలింది. ఆ తరువాత ఆదివారాలు అతనికి గట్టి శిక్ష. తంగమ్మ మూల వంకరపోతుంటే చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చునేవాడు. చెయ్యి బయటికి వచ్చినప్పుడల్లా వళ్ళి దగ్గేది.

చివరికి జవుళి వ్యాపారి శివప్రకాశం ఇల్లు మొదలైనప్పుడు ధనపాల్ ఆమెను మేస్త్రిగా తీసుకుపోయాడు. శివప్రకాశం ముఖం ముడుచుకున్నాడు. ఈశాన్యం మూల ఆమె ముట్టుకోరాదన్నాడు. నైరుతిలో కట్టుకోవచ్చు గానీ, వాలిందంటే ఆమె మళ్ళీ తన పనిలో కనబడకూడదన్నాడు. ఒక ఇంటి నుంచి పంపేస్తే ఊళ్ళో మరో ఇల్లు పిలవదని తంగమ్మకు తెలుసు.

మొదటి చిక్కు ఇటుకల దగ్గరే వచ్చింది. నిన్నటిదాకా తమతో మోసిన మనిషికి తాము మొయ్యమన్నారు కూలి ఆడవాళ్ళు. “ఆమెకేమన్నా కొమ్ములు మొలిచినాయా?” అంది చిన్నపొన్ను. ధనపాల్ తలగుడ్డ చుట్ట చుట్టి, బాండ్లీలో ఇటుకలు పేర్చుకుని, తానే నెత్తిన పెట్టుకున్నాడు. పెద్దమేస్త్రి బరువు మోయడం చూసి పనివాళ్ళు తాపీలు ఆపేశారు.

మరోసారి ఇటుకలు తెచ్చి దించబోతూ చూశాడు. మూల పైకి పోయేకొద్దీ బయటికి వాలుతోంది. ఇటుకల మధ్య సిమెంటు మాలు ఇంకా పచ్చిగానే ఉంది. తాపీ పిడితో నాలుగు దెబ్బలు వేస్తే సర్దుకుంటుంది, ఎవరికీ తెలియదు. వీధి మలుపులో శివప్రకాశం గొడుగు కనబడుతోంది. ధనపాల్ బాండ్లీ దించి, ఇటుకలు తీసి, మాట్లాడకుండా మళ్ళీ ఇటుకల రాశి వైపు నడిచాడు. ఆ నాలుగడుగులు వేసేసరికి అతనికి కొండెక్కినట్టయింది.

వెనక నుంచి ఇటుకలు కదిలిన చప్పుడు వినిపించి తిరిగి చూశాడు. తంగమ్మ తూకపు గుండు వదిలి చూసుకుంది. గోడకు ఆనీ ఆననట్టు నిలవాల్సిన గుండు దూరంగా వేలాడుతోంది. యజమాని వస్తున్నాడని చూసి కూడా ఆమె పైవరసలు విప్పడం మొదలుపెట్టింది.

“అదేందిపా ధనపాలూ, వాలిందా?” అన్నాడు శివప్రకాశం.

“వాలింది సామీ. నేను ముందే చూసినా, చెప్పలేదు. ఆమే కనిపెట్టి విప్పుతా ఉండాది. నేను చెప్పి విప్పించి ఉంటే, పంపించేయమని నేనే అని ఉందును.”

శివప్రకాశం గొడుగు మూసి ఇసుక మీద కూర్చున్నాడు. తంగమ్మ తల ఎత్తకుండా ఒక్కో వరసకూ గుండు వేసి మళ్ళీ కట్టుకొచ్చింది.

మధ్యాహ్నం కూడు తెచ్చిన వళ్ళి, నెత్తిన బాండ్లీతో ఉన్న మొగుణ్ణి చూసి నిలబడిపోయింది. సంగతి విని క్యారియర్ కింద పెట్టి బాండ్లీ లాక్కుంది.

“ఇట్ల తెయ్యి. నీకు మోసేది నేర్పించాలంటే నాకు ఆదివారాలు యాడ మిగిలినాయి?”

చిన్నపొన్ను నవ్వు ఆపుకోలేకపోయింది. నవ్విన తరువాత బిగుసుకుని ఉండటం ఆమెకూ కష్టమైంది. ఇంకో బాండ్లీ తీసుకుని వళ్ళి వెంట నడిచింది.

శివప్రకాశం లేచి, గుండు అడిగి తీసుకుని, మూలకు రెండువైపులా తానే వదిలి చూశాడు. రెండువైపులా అది ఒక్కలాగే నిలబడింది. దాన్ని తంగమ్మ చేతికే తిరిగిచ్చి, గోడ సాయంత్రానికి కిటికీ ఎత్తు రావాలని చెప్పి వెళ్ళిపోయాడు.

ధనపాల్ చేతులు కడుక్కుని, పొద్దున తాను లేపిన ఆగ్నేయం మూల నుంచి దారం లాక్కుంటూ వచ్చాడు. దాని కొస తంగమ్మ మూలకు కట్టి, బిగించి, ఆ దారం వెంట తానే మొదటి ఇటుక పెట్టాడు.