గిన్నెలో నీళ్లు

తొమ్మిదేళ్లు తనతో ఒకే గదిలో ఉన్న సంతోషి పెళ్లి చేసుకుని వెళ్లిపోయాక, చిల్కానగర్‌లోని ఆ గదిలో తారామణికి మాట్లాడే మనిషి లేకుండా పోయింది. పొద్దున నాచారంలో బిస్కెట్ల ఫ్యాక్టరీ, సాయంత్రం తాళం తీస్తే చీకటి గది.

కీసర గుట్టకు వెళ్లినప్పుడు కోళ్లు పెంచే మల్లవ్వ దగ్గర పన్నెండు నాటుకోడి గుడ్లు కొన్నది. వాటిని పొదిగించడానికి థర్మాకోల్ పెట్టెకు బల్బు బిగించి, లోపలికి కనిపించేలా మూతకు చిన్న గాజుపలక పెట్టి, తేమ చూపే మీటరొకటి లోపల ఉంచింది. వానాకాలమే అయినా గుడ్లు ఎండిపోతాయేమోనని పెట్టెలో గిన్నె నిండా నీళ్లు పోసేది. ఇరవై ఒక్క రోజులకు పిల్లలు రావాలి, ఇరవై నాలుగో రోజుకు కూడా ఒక్క పెంకూ పగల్లేదు. పగలగొట్టి చూస్తే నీళ్లలో నాని చచ్చిపోయిన నిండు పిల్లలు. ఆ రోజు అన్నం తినలేదు.

ఫోన్‌లో మల్లవ్వ కసిరింది. "కోడి నీళ్లల్ల కూసుంటదా బిడ్డా? గుడ్డు లోపలి తడి జర ఆరాలె, అప్పుడే పిల్లకు గాలాడే జాగ అయితది. పద్దెనిమిది దినాలు తక్కువ నీళ్లు వెట్టు. ఆఖరి మూడు దినాలే పెంచు. అప్పుడు మూత మాత్రం తియ్యకు."

మళ్లీ గుడ్లు తెచ్చి, రెండోసారి చిన్న కప్పు నీళ్లతోనే సరిపెట్టింది. మీటరులో తేమ యాభై శాతం దాటితే కప్పు తీసేసేది. పద్దెనిమిదో రోజు తడి స్పాంజి కూడా పెట్టి, డెబ్బైకి రాగానే మూత వేసింది.

ఇరవై ఒకటో రోజు ఆదివారం. ఒక గుడ్డుకు చిల్లు పడి, గంటలు గడిచినా అలాగే ఉంది. లోపల పిల్ల అరుస్తోంది. చేయి మూత మీదకు వెళ్లింది. తీస్తే తడి ఆరి, పొర పిల్లకు బిగుసుకుపోతుందని మల్లవ్వ చెప్పింది. చేయి వెనక్కి తీసుకుని, "నువ్వే రావాలె తల్లీ," అన్నది. ఆ గదిలో తన గొంతు విని తనే ఉలిక్కిపడింది.

మధ్యాహ్నానికి పిల్ల బయటపడింది. తెల్లారేసరికి ఐదు. సంతోషికి ఫోన్ చేస్తే, "వంట జేస్తున్న అక్కా, మళ్ల జేస్త," అని పెట్టేసింది. మళ్లీ చేయలేదు.

నెల తిరక్కుండానే కింది వాటాలోని ఇంటి ఓనరు కమలకుమారి పైకి వచ్చింది. "వాసనొస్తోంది తారామణీ. ఇక్కడ కోళ్లు కుదరవమ్మా."

ఆదివారం వాటిని అట్టపెట్టెలో పెట్టుకుని కీసర బస్సెక్కింది. మల్లవ్వ వాకిట్లో వదలగానే, చల్లిన నూకల మీదకు పరుగెత్తి మిగతా పిల్లల్లో కలిసిపోయాయి. ఏవి తనవో తారామణి కాసేపు పోల్చుకోలేకపోయింది.

"గుడ్లు ఇంక గావాల్నా?" అడిగింది మల్లవ్వ.

"ఇప్పుడొద్దు అవ్వా," అన్నది తారామణి. ఖాళీ పెట్టె అక్కడే వదిలేసి, ఉప్పల్ బస్సు కోసం రోడ్డు మీదకు నడిచింది.