ఇంజనీరింగ్ ఫిజిక్స్‌కి లోకల్ టికెట్

మా మేనకోడలు శ్రావణికి ఇంజనీరింగ్ ఫిజిక్స్ కావాలి. హౌరా పక్కన టికియాపారా రైల్వే క్వార్టర్స్‌లో ఇలాంటి కోరిక ఇంతకుముందు ఎవరికీ పుట్టినట్టు దాఖలా లేదు. మూడు కాలేజీల్లో సీటుంది, తేల్చుకోవడానికి మర్నాటి దాకా గడువు. "కర్చు నా జీతంలో పడితే సరే. నేకపోతే బీకామ్," అన్నాడు వాళ్ళ నాన్న, అంటే రైలు షెడ్డులో ఫిట్టరైన మా బావ. కాబట్టి ఉదయం తొమ్మిదికి ముగ్గురం లోకల్ ఎక్కాం. భవానీపూర్‌లో బ్యాంకులో పనిచేస్తాను కనుక లెక్కలకు నేను.

హౌరా నుంచి లాంచీలో గంగ దాటాం. మనిషికి ఆరు రూపాయలు. ఈ ఊళ్ళో అంత చవకైన గాలి మరోచోట దొరకదు. బస్సు పట్టుకుని పదిన్నరకు మొదటి కాలేజీకి చేరాం. ప్రభుత్వానిది. మూడేళ్ళు బీఎస్సీ, ఆపైన మూడేళ్ళు బీటెక్. ఫీజు వినగానే బావ ముఖం వెలిగింది, ఆరేళ్ళనగానే ఆరిపోయింది.

"అయిదేళ్ళలో నాను రిటైరైపోతానే పిల్లా!"

రెండోది న్యూటౌన్ అవతల, ప్రైవేటుది. బస్సులో గంట పైనే. గేటు దగ్గర ఫౌంటెన్ ఉంది. దాని ఖర్చెవరు పెడుతున్నారో ఫీజుల పట్టిక చూశాక తెలిసింది. ఏడాదికి నాలుగు లక్షలు, హాస్టల్ తప్పనిసరి. కాఫీ ఇచ్చిన అమ్మాయి "లోన్ ఇప్పిస్తాం సార్" అంది. లోన్లిచ్చేది నేనే కాబట్టి నాకు ఆశ కలగలేదు.

"ల్యాబ్ దారుణ్‌గా ఉంది మావయ్యా," అంది శ్రావణి బయటికొచ్చాక. బెంగాలీలో అది పొగడ్త. మళ్ళీ హౌరా బస్సెక్కాం.

హౌరాలో చేపల కూరతో భోజనం ముగ్గురికి రెండువందల పది. మూడో కాలేజీ రామరాజాతలలో, అంటే మా బావ ఇంటికి రెండు స్టేషన్ల అవతల. అందుకే ఆయన దాన్ని చివర పెట్టాడు.

"అక్కడేటుంది? సామాన్లు దించుకునే చోటు."

అది నిజమే. ఊరి నుంచి వచ్చే మన తెలుగువాళ్ళెవరూ సంత్రాగాచి దాటాక, ఇక హౌరాయేనని, కిటికీలోంచి చూడరు. బెర్తు కింద సంచులు లాగుతూ, ఆవకాయ జాడీ నిటారుగా ఉందో లేదో చూసుకుంటూ తలుపు దగ్గరకు చేరతారు.

లోకల్‌లో పక్కాయన్ని దారి అడిగాం. పట్టాల పక్కనే ఉన్న ఎర్ర భవనం చూపించాడు. "దాదా, మీరెక్కడ పనిచేస్తారు?" అని బావని బెంగాలీలో అన్నయ్యని చేసి అడిగాడు.

"ఈ లైన్లోనే," అన్నాడు బావ. పక్కాయన మర్యాదస్తుడు, మరి దారెందుకు తెలీదని అడగలేదు.

ఇదీ ప్రభుత్వ కాలేజీయే. నాలుగేళ్ళు. ఏడాదికి యాభై వేల లోపు. హాస్టల్ అక్కర్లేదు, సీజన్ టికెట్ చాలు. ల్యాబులో బల్లలు వయసులో బావ కంటే పెద్దవి. శ్రావణి ఒక లేజర్ దగ్గర వంగి, చాలాసేపు లేవలేదు.

"నా జీతంలో పడతాదేటి బామ్మర్దీ?"

"పడుతుంది బావా. చేపల కూరతో సహా."

"ఏటే, ఫౌంటెన్ లేదు మరి?"

"వద్దు నాన్నా. లేజర్ వెలుగుతోంది కదా."

ప్లాట్‌ఫారం మీదే శ్రావణి ఫోన్లో సీటు ఖాయం చేసింది. ఆ కాసేపూ నెట్‌వర్క్ కూడా నిలకడగా ఉంది.

తిరుగు లోకల్ నాలుగున్నరకు వచ్చింది. ఈ దారిన రాదలచిన వారికి నా సలహా ఒకటే: ఇంటి పక్కదాన్ని ముందు చూడండి, బస్సు డబ్బులు మిగులుతాయి. రైలు కదిలిందో లేదో బావ అలవాటుగా లేచి, సామాన్లు దించడానికి పై అరమీద చెయ్యి వేశాడు. అక్కడ ఏమీ లేదు.

"కూర్చో నాన్నా. సామాన్లేం లేవు."

బావ కూర్చున్నాడు, కిటికీ పక్కన. ఎర్ర భవనం కనుమరుగయ్యేదాకా చూశాడు.