వదినతో అరవంలో మాట్లాడిన రోజు

అందరూ బాగున్నారా? మోకాళ్ల నొప్పులున్న అక్కలు మాత్రలు మానలేదు కదా? చక్కెర ఉన్న అన్నలు వేళకు తింటున్నారా? పిల్లలకు దగ్గు తగ్గిందా? మా ఇంట్లో అందరికీ ఫర్వాలేదు, నాకే బీపీ దిగడం లేదు. కారణం ఈ ప్రయాణమే. తమవాళ్లను వృద్ధాశ్రమంలో ఉంచినవాళ్లకు పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

మా అన్న పోయాక వదిన నా దగ్గరే ఉండేది. రెండుసార్లు బాత్రూంలో జారిపడింది, రెండోసారి కాలు విరిగింది. మళ్లీ పడితే ఏం గతి అన్న భయంతో కినత్తుకడవు దగ్గర ఒక ఆశ్రమంలో చేర్చాను. ఊళ్లో మాత్రం చుట్టాలింటికి పోయిందని చెప్పాను. పోయిన వారం ఆశ్రమం నుంచి ఫోన్ వచ్చింది. చేరిన ఈ నెలరోజులుగా ఆమె సరిగ్గా మాట్లాడటం లేదట. పక్షవాతమో, మతి తప్పిందో అని నాకు నిద్ర లేదు.

మా ఒట్టన్‌చత్రంలో ఉదయం ఆరింటికి బస్సు కూరగాయల లారీల మధ్య నుంచి బయటపడింది. పళని మీదుగా పొల్లాచ్చికి తొమ్మిదిన్నర. అక్కడ కోయంబత్తూరు బస్సెక్కి కినత్తుకడవులో దిగేసరికి పదిన్నర. బస్సులకు నూటయాభై లోపే, ఆటోకు ఎనభై.

“మీవాళ్లెవరైనా ఉన్నారా అమ్మా అక్కడ?” అని ఆటో అతను అరవంలో అడిగాడు.

“అయ్యో, లేదు నాయనా. ఒకపూట భోజనం పెట్టిద్దామని.”

“పుణ్యం అమ్మా” అన్నాడు. నేను కొబ్బరి తోటల వైపు ముఖం తిప్పుకున్నాను.

వదిన వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది. బాగా చిక్కింది. పక్కన నలుగురు ముసలమ్మలు, పనికి కొత్తగా చేరిన సెల్వి. మేం ఇంట్లో తెలుగే, బయట అరవం. తెలుగులో పలకరిస్తే ఆమె నా మనిషని, అక్కడ వదిలింది నేనేనని వాళ్లకు తెలిసిపోతుంది. అందుకని పరాయిదాన్ని అడిగినట్టు, “సాప్టీంగళా అమ్మా?” అన్నాను, తిన్నారా అని.

వదిన నన్ను ఎగాదిగా చూసింది.

“నువ్వునూ అరవమేనా?” అంది తెలుగులో.

 తెచ్చిన పళ్ల సంచి కింద పెట్టాను. ఆమె పక్కన కూర్చుని, అందరికీ వినబడేలా తెలుగులోనే అన్నాను. “తప్పైపాయ ఒదినా. నేనే గదా నిన్ను ఈడ ఇడిసిపెట్టి పోతిని.”

“అది నాకు తెల్దా? ఇరిగింది కాలు, బుర్ర కాదే. కర్రావు ఈనిందా?”

సెల్వి ఆశ్చర్యపోయింది. “ఈ అవ్వకు ఇన్ని మాటలు వచ్చా?” అంది అరవంలో.

“దీంతో ఏం మాట్లాడేది? పల్లు తోమితివా, మాత్ర మింగితివా, ఇంతే. సాంబార్లో పప్పు యాడుందే అని మన మాటలో అంటే, తెలీక నవ్వుతాది” అంది వదిన. ఇక ఆగలేదు. ఆవు, మునగతోట, పక్కింటామె కోడలు, అన్నీ అడిగింది. “బాగానే చూస్తారు. మన మాట వినపడేది లేదు, అదొకటే” అంది.

ఇంటికి తీసుకుపొమ్మని మాత్రం అడగలేదు. నేనూ తీసుకుపోతానని అనలేదు. ఆ బాత్రూం భయం నాకు ఇంకా పోలేదు.

తిరుగు బస్సులో సిగ్గుతో కిటికీ వైపే చూస్తూ వచ్చాను. అన్నం, మంచం, మందులు ఉంటే ఆమెకు చాలనుకున్నాను. తన మాటకు బదులు పలికే మనిషి ఆమెకు నేనొక్కదాన్నే మిగిలాను, ఆ పలుకే దాచుకున్నాను. ఊరికి వచ్చి, అడిగినవాళ్లకు నిజం చెప్పేశాను. ఇద్దరు ముఖం తిప్పుకున్నారు. పక్కింటామె మాత్రం తనూ వస్తానంది.

పోయేవాళ్లు పదకొండు లోపు చేరండి. పన్నెండున్నరకు భోజనం పెట్టి పడుకోబెడతారు, మూడింటిదాకా లోపలికి రానివ్వరు. మేమిద్దరం పై నెల మొదటి ఆదివారం, ఆరింటి బస్సుకే వస్తున్నామని వదినకు ఫోన్‌లో చెప్పాను, తెలుగులోనే.