వెనక్కి తిరగని రింగు

మా పిన్ని ఖరీదైన వాచీల సర్వీసు సెంటర్లో పనిచేస్తుంది; నేనూ అక్కడే, ఆవిడకి సాయంగా. చదివింది ఎనిమిదో తరగతి. పని మొదలుపెట్టిందంటే పక్కన పిడుగు పడినా తలెత్తదు. పదిహేనేళ్లుగా ఆవిడ బల్ల మీదికి ఎక్కువగా వచ్చేది ఒకే రకం. మొదట మంచుకొండలెక్కేవాళ్ల కోసం చేశారట. అందుకే మా రిపేరు గదిలో వాటిని కొండవాచీలంటారు. చలికి గడ్డకట్టని నూనె, చీకట్లో వెలిగే ముళ్లు. తర్వాత సముద్రంలో దిగేవాళ్ల కోసం అద్దం చుట్టూ నిమిషాల రింగు పెట్టారు. దిగేముందు రింగు మీది చుక్కను నిమిషాల ముల్లుకి ఎదురుగా తిప్పుకుంటే, దిగి ఎంతసేపైందో తెలిసిపోతుంది. ఇదంతా పట్టీలు తుడుస్తూ పిన్ని నోట నేను విన్నదే.

మొన్న డైవింగ్ నేర్పే మాస్టారు ఒకాయన వాళ్ల నాన్నగారి కొండవాచీ తెచ్చారు. మర్నాడు దాంతోనే సముద్రంలో దిగాలట. పిన్ని లోపలంతా శుభ్రం చేసి, రబ్బరు వాషర్లు మార్చి, నీళ్ల ప్రెషర్ మిషన్లో పెట్టింది. ఒక్క బుడగ రాలేదు. మా ఓనరు నీళ్లలోకి పనికొస్తుందని కార్డు మీద ముద్ర వేయబోయాడు.

"ఆగండి సార్. ఇది నీళ్లలోకి పనికిరాదు," అంది పిన్ని.

"మిషన్ పాస్ చేసిందిగా! దానికన్నా నీకెక్కువ తెలుసా?"

"మిషన్ లోపలికి నీళ్లు పోతాయేమో చూస్తుంది. రింగు సంగతి చూడదు కదండీ."

మాస్టారు నవ్వారు. "మా నాన్న ముప్పై ఏళ్లు దీంతోనే మునిగాడమ్మా. శుభ్రంగా తేలాడు కూడా."

"అదృష్టవంతులు. మీ సంచీ ఓసారి ఇటివ్వండి."

పిన్ని చుక్కను ముల్లుకి సరిపెట్టి, వాచీ చేతికి పెట్టుకుని, సంచీ పట్టీలోంచి చెయ్యి విసురుగా లాగింది. పట్టీ రాసుకుని రింగు కుడివైపుకి అయిదు గీతలు జరిగిపోయింది.

"చూశారా? మీరు దిగి ఇరవై నిమిషాలైతే ఇది పదిహేనే అంటుంది. సిలిండర్లో లేని ఆ అయిదు నిమిషాల గాలి మీకెవరిస్తారండీ?"

మాస్టారు వాచీ తీసుకుని రింగును అటూ ఇటూ తిప్పి చూశారు.

మొదటి వాచీల్లో రింగు రెండు వైపులా తిరిగేదని, తర్వాత కంపెనీ ఎడమకే తిరిగేలా మార్చిందని పిన్ని చెప్పింది. "అప్పుడు ఏది తగిలి జరిగినా టైము ఎక్కువే చూపిస్తుంది. కాస్త ముందే పైకొస్తే పోయేదేముంది? అలాంటి రింగు దీనికి సరిపోయేది ఒకటుంది నా దగ్గర."

"అది నాన్న వేళ్లకి అరిగిన రింగు. తీసేస్తే ఇంకేం మిగిలింది?"

"అయితే ఒడ్డున పెట్టుకోండి. నీళ్లలోకని నేను మాత్రం రాసివ్వను."

ఓనరు పళ్లు నూరాడు. మాస్టారు రింగు మీద అరిగిన చోట బొటనవేలు ఆనించారు.

"రేపు నా వెనకాల ఆరుగురు కొత్తవాళ్లు దిగుతున్నారు," అన్నారు చివరికి. "అందరూ నా చెయ్యే చూస్తారు. మార్చెయ్యండి. పాతది పొట్లం కట్టివ్వండి."

కొత్త రింగు టిక్కుటిక్కుమంటూ ఎడమకి తిరిగింది. కుడికి మాస్టారు పిడికిలి బిగించి తిప్పినా కదల్లేదు.

"మొండి ఘటం!" అన్నారాయన.

"బిగించినావిడ పోలికే," అని ఓనరు కార్డు మీద గట్టిగా ముద్ర గుద్దాడు.

పిన్ని తొంగి చూసింది. "తలకిందులుగా వేశారు సార్."