ఓవెన్ చుట్టూ సందు

సిద్ధిరాములు కంట్లో శుక్లం తీసి నెల దాటింది. ఇక పనికి వెళ్లొచ్చని పంజాగుట్ట ఆసుపత్రిలో డాక్టరు చెప్పినా ఆయన ఇల్లు కదలలేదు. సిరిసిల్లలో నేతపని చేసే ఇంట పుట్టి, చెక్కపనిలో పడి, ఇళ్లకు మాడ్యులర్ కిచెన్లు చేసే మా షాపులో పన్నెండేళ్లుగా ఫిట్టర్‌గా ఉన్న మనిషి. నేను కంప్యూటర్లో గీసేవాటిని నిలబెట్టేది ఆయనే. ఆ సంగతి నేను ఎవరి ముందూ ఒప్పుకోను.

హ్యాండిళ్లు లేని కప్‌బోర్డుల మధ్య ఓవెన్ బిగించడం తేలిక కాదు. పైన పిడి లేదు, నగిషీ లేదు. ఇక చూపు పోయేదల్లా ఓవెన్ చుట్టూ ఉండే సన్నటి సందు మీదికే. అది ఒకపక్క ఎక్కువ, ఒకపక్క తక్కువ అయితే ఎంత మంచి కిచెనైనా వెలవెలబోతుంది. ఆపరేషన్‌కు ముందు సిద్ధిరాములు రెండిళ్లలో అలాంటి వంకర సందులు వదిలాడు. ఆయనకవి తిన్నగానే కనిపించాయట. తప్పు ఎత్తిచూపింది నేనే. అప్పుడు ఆయన మొహం చూసి, నా నోరు పడిపోను, ఎందుకన్నానా అనుకున్నాను.

చివరికి భార్య రాజమణి బతిమాలితే, అమీర్‌పేటలో వసుమతి గారి ఫ్లాట్‌కు నాతో వచ్చాడు.

"గీ ఒక్కటి చూస్త సార్. కన్ను ఆనకుంటే ఇగ పని బంద్ జేస్త," అన్నాడు.

ఇద్దరం ఓవెన్ ఎత్తి గూట్లోకి తోశాం. స్క్రూలు బిగించి, ఆయన నాలుగడుగులు వెనక్కి వచ్చి నిలబడ్డాడు.

"భలే కుదిరిందండీ," అన్నారు వసుమతి గారు.

"సూపర్ అన్నా," అన్నాను నేనూ, సరిగా చూడకుండానే.

"కుడిపక్క, పైన, జర దగ్గరికున్నది సార్."

నేను దగ్గరికెళ్లి చూశాను. ఎంత చూసినా నాకు సమానంగానే ఉంది. కన్నే మోసం చేస్తోందేమోనని నాకూ, ఆయనకూ భయమే. మూడు పాత మెట్రో కార్డులు కలిపి అంటించుకున్న కొలత ముక్కను జేబులోంచి తీశాడు. ఎడమ సందులో అది కింది నుంచి పైదాకా సాఫీగా నడిచింది. కుడివైపు మాత్రం పై మూలకు జానెడు కింద ఆగిపోయింది. మళ్లీ తోశాడు. కదల్లేదు.

"వంకరున్నది!" అని నవ్వుతూ కేకేశాడు సిద్ధిరాములు. "సార్, వంకరనే ఉన్నది!"

"ఏంటండీ, అందులో నవ్వడానికేముంది?" అన్నారు వసుమతి గారు చిరాగ్గా. నేనూ నవ్వేశాను. అంత హాయిగా ఉంది ప్రాణానికి.

ఆయన అప్పటికే ఫోన్‌లో స్పీకర్ పెట్టి రాజమణితో మాట్లాడుతున్నాడు.

"ఓవెన్ వంకరకు కూసున్నదే!"

"ఎవరు జెప్పిన్రు?"

"ఎవ్వరు చెప్పలే. నాకే కనబడ్డది. సార్‌కు సుత కనబడలే."

అటువైపు ఆమె ఏడుపు మా ముగ్గురికీ వినిపించింది. ముక్కు చీదుకుని, "సరే తియ్యి, సక్కగ పెట్టి రా," అంది.